తన చెయ్యి మీద తానే కూర్చున్న మనిషి

ఆ వీధిలో ఆయన్ను సొంత పేరుతో పిలిచేవాళ్ళు లేరు. వెనకాల షార్ట్ సర్క్యూట్ అనేవారు, ఎదురుపడితే షార్టన్నా అనేవారు. పాత కార్లకు వైరింగు చెయ్యడం ఆయన వృత్తి. కోపం ఎవరికైనా ముక్కు మీద ఉంటుందంటాం. ఆయనకు మణికట్టులో ఉండేది. బిగుసుకుపోయిన నట్టు ఊడిరాలేదని బానెట్ మీద గుద్ది తన వేలే విరగ్గొట్టుకున్నాడు. హారన్ మోగడం లేదని రెండోసారి అడిగిన డ్రైవరును చెంప మీద కొట్టాడు. పక్కనున్న పంక్చర్ షాపాయన వీపు మీద ఒకసారి గాలి పైపుతోనే వాతలు తేలేలా బాదాడు. పనికి కుదిరినవాళ్ళు అన్నం డబ్బా కూడా వదిలేసి పారిపోయేవారు.

నిలబడింది బామ్మర్ది ఒక్కడే. సన్నటి మనిషి, నోరు మాత్రం లావు. దెబ్బ తిన్నాక కూడా ఓ మాట అంటించకపోతే వాడికి తిన్నది అరిగేది కాదు. అలా అంటించినందుకే ఒకరోజు బావ జాకీ రాడ్డు విసిరాడు. మెడ కింది ఎముక పుటుక్కుమంది.

ఆస్పత్రి నుంచి వచ్చిన భార్య ఏడవలేదు. చెప్పులు విప్పకుండా, గుమ్మంలో నిలబడే చెప్పింది.

"విను. మా తమ్ముడి మీద ఇంకొక్కసారి నీ చెయ్యి పడిందంటే వాణ్ణి తీసుకుని వెళ్ళిపోతాను. రమ్మని ఎవరిని పంపినా మంచినీళ్ళిచ్చి వెనక్కి పంపేస్తాను."

ఆవిడ మాటంటే మాటే. అది వీధి కంటే ఆయనకే బాగా తెలుసు. ఆవిడ చెల్లెలి పురిటికి వెళ్ళిన రోజుల్లో ఆయన మేడ మీది ఇంటికి ఎక్కబుద్ధి కాక, షాపులో బల్ల మీదే పడుకునేవాడు. అలాంటి మనిషి ఆవిడ లేకుండా బతకాలంటే ఎలా? ఆనాటి నుంచి కోపం వచ్చినప్పుడల్లా పళ్ళు బిగించేవాడు. దవడ దగ్గర కండ పైకి తేలేది. "బావ నములుతున్నాడు" అనేవాడు బామ్మర్ది, కొంచెం దూరంగా జరిగి.

అలా నములుతున్న కాలంలోనే ఆ పాత కారు వచ్చింది. సొంతదారు రిటైరైన కాంపౌండరు. ముందు హ్యాండిల్ పెట్టి తిప్పితేనే స్టార్టయ్యే స్థితికి చేరిన బండి అది. ఒకరోజు హ్యాండిల్ ఎదురుతన్ని కాంపౌండరు మణికట్టును రెండు ముక్కలు చేసింది. పట్టీ కట్టిన చేతిని మోసుకుంటూ వచ్చాడు.

"దీనికి మొదట్లో కాలితో తొక్కే స్టార్టర్ ఉండేదట. మధ్యలో ఎవరో పీకి పారేశారు. మళ్ళీ అదే పెట్టండి. చేత్తో దీన్ని ముట్టుకునేది లేదిక."

"చెయ్యి పెడితే తన్నే రకమా?" అన్నాడు బామ్మర్ది. "అయితే మాకు అలవాటే లెండి."

బావ దవడ కదిలింది.

షాపు నేల వీధి వైపు వాలుగా ఉంటుంది, కడిగిన నీళ్ళు బయటికి పోవడానికి. కారు మూతి లోపలి ఇనుప బల్ల వైపు పెట్టి నిలిపారు. హ్యాండ్‌బ్రేకు పేరుకే ఉంది. అందుకని పాత బళ్ళవాళ్ళందరూ చేసే పనే షార్టూ చేశాడు. మొదటి గేరులో వేసి వదిలేశాడు. గేరులో ఉంటే బండి వెనక్కి జారదు.

కాళ్ళ దగ్గరి రబ్బరు చాప లేపి చూస్తే, పాత స్విచ్చు ఉండే కన్నం మీద ఎవరో రేకు అతికించారు. ఆ రేకును ఉలితో కొట్టి లేపాడు. తుప్పు గీకాడు. పాత సామాన్ల బజారులో ఏరి తెచ్చిన కాలి స్విచ్చు మహా మొరటు వస్తువు. పైన బొత్తాం, లోపల స్ప్రింగు, దాని కింద రాగి బిళ్ళ. తొక్కితే బిళ్ళ దిగి రెండు లావు బోల్టులను కలుపుతుంది. ఒక దానికి బ్యాటరీ నుంచి వేలు లావు తీగ వస్తుంది, రెండోదాని నుంచి స్టార్టర్ మోటారుకు పోతుంది. కాలు తీస్తే స్ప్రింగు బిళ్ళను పైకి లేపాలి.

బామ్మర్ది బొత్తాన్ని బొటనవేలితో నొక్కి చూశాడు. "స్ప్రింగు మెత్తబడింది బావా. బిళ్ళ కూడా గుంటలు పడింది. అతుక్కుపోతుందేమో."

"నువ్వు పుట్టకముందు నుంచీ బిగిస్తున్నాను."

"నేను పుట్టకముందు ఈ స్ప్రింగు కొత్తదేగా."

షార్ట్ చేతిలో సుత్తి ఉంది. ఆ సుత్తి తనంతట తానే కొంచెం బరువెక్కినట్టు అనిపించింది ఆయనకు. మేడ మీద భార్య నడుస్తున్న చప్పుడు వినిపించింది. సుత్తిని నేల మీద పెట్టాడు, చాలా నెమ్మదిగా, గుడ్డును పెట్టినట్టు. కారు తలుపు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని తీగలు బిగించాడు. సీటు కింద బ్యాటరీకి తీగ తగిలించాడు. కరెంటు అందుతుందో లేదో చూడడానికే కదా అని దాని నట్టు పూర్తిగా బిగించలేదు. బామ్మర్ది కారుకూ బల్లకూ మధ్య నిలబడి జాకీ రాడ్డుకు గ్రీజు రాస్తూ ఏదో పాట కూనిరాగం తీస్తున్నాడు. ఆ రాగం కూడా తనను వెక్కిరించడానికే అనిపించింది బావకు. లోపల పొంగుతున్నదాన్ని అణచిపెట్టే పనిలో మనసంతా పెట్టేశాడు. ఎంతగా పెట్టాడంటే, గేరు సంగతి దాంట్లో కొట్టుకుపోయింది. సీట్లో కూర్చుని కాలితో తొక్కాల్సిన స్విచ్చును బయట నుంచి వంగి అరచేత్తో నొక్కాడు.

కారు ముందుకు దూకింది.

చెయ్యి తీశాడు. బండి ఆగలేదు. రాగి బిళ్ళ వేడికి కరిగి బోల్టులకు అతుక్కుపోయింది. ఇంజను రగలకపోయినా, బండి గేరులో ఉంది కనుక స్టార్టర్ మోటారే చక్రాలను నెడుతూ ఉంది, కుమ్మే ఎద్దులా, ఆగి ఆగి, ఒక్కో పోటు. బంపరుకూ బల్లకూ మధ్య బామ్మర్ది తొడ చిక్కుకుంది. మొదటి పోటుకు వాడు అరిచాడు. రెండో పోటుకు ఎముక విరిగిన చప్పుడు షార్టుకు తలుపు దగ్గరికే వినిపించింది. ఆ తరువాతి పోటుకు వాడి నోట్లోంచి అరుపు కూడా రాలేదు.

షార్ట్ సీటును పెకలించి విసిరేశాడు. బ్యాటరీ తీగను అరచేత్తో పట్టుకుని లాగాడు. తెల్లటి మంట ఎగిసింది. కాలిన మాంసం వాసన వచ్చింది. అది తనదేనని అప్పుడు తెలియలేదు. లోపలికి దూరి క్లచ్ తొక్కితే బండి వాలుకు వెనక్కి జారింది. రోడ్డెక్కకముందే క్లచ్ వదిలి పరుగెత్తాడు.

బామ్మర్ది బల్ల కింద కూలిపోయి ఉన్నాడు. తొడ ఉండకూడని చోట వంగి ఉంది. బావ వంగి చంకల కింద చేతులు వేశాడు. వాడు కళ్ళు తెరిచాడు. ఎదురుగా కనిపించింది అన్నేళ్ళుగా తనను కొట్టిన ముఖం. చేతిలో రాడ్డు ఇంకా ఉంది. ఉన్న బలమంతా పెట్టి దాన్ని ఆ నోటి మీద వేశాడు.

పళ్ళు రాలాయి. షార్ట్ వెనక్కి కూలబడ్డాడు. రెండో దెబ్బ చెవి మీద పడింది, మూడోది భుజం మీద. ఆయన కుడిచెయ్యి లేచింది. అది ఎప్పుడూ ఆయన్ను అడిగి లేవలేదు, ఇప్పుడూ అడగలేదు. లేచిన పిడికిలిని తనే చూశాడు. కిందికి లాక్కుని, కాలిన అరచేతిని నేల మీద పరిచి, దాని మీద తానే కూర్చున్నాడు. బరువంతా వేసి కూర్చున్నాడు. బామ్మర్ది కొడుతూనే ఉన్నాడు. రాడ్డు జారిపోయాక పిడికిలితో, ఆ తరువాత ఏడుస్తూ గోళ్ళతో.

జనం వచ్చారు. నెత్తుటి మడుగు, విరిగిన కాలు, పక్కన షార్ట్. ఏం జరిగిందని ఎవరూ అడగలేదు. పంక్చర్ షాపాయన జుట్టు పట్టి ఈడ్చాడు. ఒకడు డొక్కలో తన్నాడు. చెంపదెబ్బ బాకీ ఉన్న డ్రైవరు కూడా ఎక్కడి నుంచో ఊడిపడ్డాడు. ఆయన మాత్రం చేతిని ఒంటి కిందే పెట్టుకుని బోర్లా పడి ఉన్నాడు.

"వదలండి ఆయన్ని." బామ్మర్ది గొంతు పీలగా వచ్చింది. "ఆయన కొట్టలేదు."

"మరి ఈ కాలు?"

"కారు."

"మరి ఆయన మూతి?"

"అది నేనే."

పంక్చర్ షాపాయన చేతిలో ఇంకా గుప్పెడు జుట్టుంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు అలాగే పట్టుకున్నాడు.

మెట్ల మీద భార్య నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచో తెలియదు. కిందికి దిగి ముందు తమ్ముడి దగ్గరికే వెళ్ళింది.

ఆస్పత్రి వరండాలో ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చున్నారు. ఆయన నోటికి కుట్లు, చేతికి కట్టు. మాట్లాడలేడు. ఆవిడే మాట్లాడింది.

"గేరులో ఉంచి నొక్కావా?"

తలూపాడు.

"వాడు చెప్పాడట, స్ప్రింగు మెత్తబడిందని. విన్నావు కాదు."

మళ్ళీ తలూపాడు.

"వాడు కొడుతుంటే చెయ్యి కింద పెట్టుకుని కూర్చున్నావట. నాకు నమ్మకం కలగలేదు, అందుకే వాణ్ణి మూడుసార్లు అడిగాను." ఆవిడ కట్టు వైపు చూసింది, ముట్టుకోలేదు. "వెళ్ళను. ఇకమీదట షాపు వాడిది. వాడు చెప్పినట్టు నువ్వు చేస్తావు. చెయ్యలేనంటే ఇప్పుడే చెప్పు, బట్టలు సర్దుకోవాలి."

చెయ్యలేననడానికి ఆయనకు నోరు లేదు. ఉన్నా అనేవాడు కాదు.

కాలు చాచుకుని కుర్చీలో కూర్చున్న బామ్మర్దికి పెత్తనం బాగా వంటబట్టింది. కొత్త స్ప్రింగు వేయించాడు, రాగి బిళ్ళ మార్పించాడు.

"గేరు చూశావా బావా?"

"చూశాను."

"మళ్ళీ చూడు. నీకు చూపు తక్కువ, కోపం ఎక్కువ."

షార్ట్ మళ్ళీ చూశాడు. సీట్లో కూర్చుని, క్లచ్ తొక్కి, కుడికాలితో బొత్తాన్ని అదిమాడు. ఇంజను రగిలింది, కాలు తీస్తే స్విచ్చు వదిలింది. కాంపౌండరు మెచ్చుకుని, బండి రేపు తీసుకెళ్తానని వెళ్ళాడు. అయినా బామ్మర్ది ఊరుకోలేదు. "తీగ వంకరగా పోయింది. విప్పి మళ్ళీ కట్టు."

షార్ట్ విప్పలేదు. లేచి వెనక పెరట్లోకి వెళ్ళాడు. అక్కడ ఓ పాత మడ్‌గార్డు పడి ఉంది. గూటం ఎత్తి దాన్ని బాదడం మొదలుపెట్టాడు. కుట్లు పిగిలి నోట్లోకి నెత్తురు ఊరేదాకా, అరచేతి కట్టు ఎర్రబడేదాకా బాదాడు. మేడ మీద భార్య సీటు కవర్లు కుట్టే మిషను ఆగిపోయింది. ఆయనకు తెలుసు, ఆవిడ కిటికీ దగ్గరికి వచ్చి చెవి ఒగ్గి ఉంటుంది, పడుతున్నది ఇనుము మీదేనా అని. ఇంకో రెండు దెబ్బలు, స్పష్టంగా మోగేలా వేశాడు.

మిషను మళ్ళీ తిరిగింది. ఆయన గూటం పక్కన పెట్టి, నెత్తురు ఉమ్మి, తీగ విప్పడానికి లోపలికి వెళ్ళాడు.