మూడో చాప

నా చిన్నప్పుడు మా ఊరి బడిలో చదవడమంటే అందరూ కలిసి గొంతెత్తి అరవడమే. ఒకరు ముందు చెబితే మిగతా అందరం వెనక చెప్పేవాళ్లం. పుస్తకం ఒళ్లో తెరిచి ఉండేది గానీ, దానివైపు చూడాల్సిన అవసరం ఎవరికీ వచ్చేది కాదు. సింహాద్రిపురం దారిలో చీనీ తోటల, అంటే బత్తాయి తోటల మధ్య ఉన్న చిన్న ఊరు మాది. మూడో తరగతికి వచ్చేసరికి నాకు ఏ పాఠమైనా రెండుసార్లు వింటే చాలు, చివరిదాకా అప్పజెప్పేదాన్ని. ఇంటికి ఎవరొచ్చినా మా నాయన నన్ను పిలిచి పుస్తకం చేతికిచ్చేవాడు. నేను వేలు కదిలిస్తూ గడగడా చెప్పేదాన్ని. అక్షరాలు విడివిడిగా తెలుసు. కలిపితే ఏమవుతుందో తెలియదు. ఆ తెలియకపోవడాన్నే అందరూ చదువు అనుకున్నారు, నేను కూడా.

ఆ ఏడు కొత్తగా ఒక మేడమ్ వచ్చింది. పులివెందుల నుంచి రోజూ బస్సులో వచ్చేది. రాగానే పాఠాలు మొదలుపెట్టలేదు. ఒక్కొక్కరినీ పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని చదివించుకుంది. నా వంతు వచ్చినప్పుడు అలవాటు ప్రకారం అందుకున్నాను. మధ్యలో ఆమె చెయ్యి వచ్చి మెల్లగా పేజీ తిప్పింది. అక్కడ వేరే పాఠం, వేరే బొమ్మ. నేను పాత పాఠమే చెప్పుకుంటూ పోయాను, వేలు కూడా కదిలిస్తూనే ఉన్నాను. ఆమె నవ్వలేదు, కోప్పడలేదు. నా చెవి దగ్గరికి వంగి, "నీకు గ్యాపకం శానా బాగుంది పాపా. ఇంగ చదివేది నేర్చుకుందాం" అంది. అప్పుడు గానీ నేను పుస్తకం వైపు చూడలేదు. చూశాక వేలు వెనక్కి లాక్కున్నాను.

తర్వాత ఆమె గదిలో మూడు చాపలు పరిచింది. బాగా చదవగలిగిన పిల్లలు ఒక చాప మీద కథ చదివి ఒకరినొకరు ప్రశ్నలు అడగాలి. తడబడేవాళ్లు రెండో చాప మీద జతలుగా కూర్చుని ఒకరికొకరు చదివి వినిపించాలి. మూడో చాప మీద మేం ముగ్గురం. నాపరాళ్ల గనిలో పనిచేసే ఆయన కొడుకు, నాన్న కువైట్‌లో ఉన్న ఒక సాయబుల పాప, నేను. మేడమ్ ముందు మా దగ్గరే కూర్చునేది, తర్వాతే మిగతా చాపల దగ్గరికి వెళ్లేది.

మా బడి నేల నల్ల బండలది. చాప అంచున కూర్చుంటే మా ముందు ఒక్కొక్కరికి ఒక్కో బండ. ఆమె ఆ బండల మీదే సుద్దముక్కతో రాసేది, ఎవరికి కావలసింది వాళ్ల బండ మీద. రెండక్షరాలు కలపడం గని ఆయన కొడుక్కి వచ్చేది కాదు. ఎందుకురా అంటే, "పక్కపక్కన పెడితే అవి కొట్లాడుకుంటాండాయి మేడమ్" అనేవాడు. వాడి బండ మీద అక్షరాలను దూరంగా రాసి, రోజుకింత దగ్గరికి జరిపేది. సాయబుల పాప చదివేది గానీ, ఇంట్లో ఉర్దూ కాబట్టి సగం మాటలకు అర్థం తెలిసేది కాదు. ఆ పాపను ఉర్దూ మాట అడిగి, ఆ పక్కన తెలుగు మాట రాసేది. నాకు మాత్రం ఏదీ ముందు చదివి వినిపించేది కాదు. వింటే నాకు వచ్చేస్తుందని ఆమెకు తెలుసు.

ఒకరోజు నా బండ మీద ఏదో రాసి లేచి వెళ్లిపోయింది. చాలాసేపు దానివైపు చూశాను. ఒక్కో అక్షరం పట్టుకుని లాగాను. "చీనీకాయ" అని నా నోటి నుంచి వచ్చింది. నేను రోజూ తినే కాయ అలా నేల మీద నుంచి లేచి రావడం నాకు ఇప్పటికీ గుర్తే. ఆ సంతోషం పట్టలేక ఇంటికి పరుగెత్తి, మూడో చాప మీద కూర్చుని చీనీకాయ చదివానని మా నాయనకు చెప్పాను.

"మూడో చాపా? అదేంది?" అన్నాడు నాయన.

ఐదో తరగతి చదివే మా చిన్నాన్న కొడుకు అందుకున్నాడు. "అది మొద్దుల చాప పెదనాయనా. రాళ్లు కొట్టేటాయప్ప కొడుకు, కువైటోళ్ల పాప, మన పాప. ముగ్గురే."

పొద్దున్నే నాయన నన్ను వెంటబెట్టుకుని బడికి వచ్చాడు. చాపలు అప్పుడే పరుస్తున్నారు.

"మా పాపకేం తక్కువని ఈడ కూచోబెట్టినావమ్మా?"

"తక్కువేం లేదన్నా. తెలివి శానా ఉంది. చదివేదే ఇంకా కుదర్లేదు. వేసవి సెలవుల్లోగా నేర్పిస్తా, నాకొదిలిపెట్టు."

"చదివేది రాదా? ఊరంతా ఇన్నారు మా పాప చదివేది. చదువు పాపా, మేడమ్ కూడా ఇంటాది."

పుస్తకం నా చేతికొచ్చింది. నేను గడగడా మొదలుపెట్టాను. మేడమ్ నా పక్కకు వచ్చి నిలబడింది. ఆమె చెయ్యి పేజీ అంచు దాకా వచ్చింది. నేను చదవడం ఆపకుండానే తలెత్తి ఆమె వైపు చూశాను. నా కళ్లలో ఏం కనిపించిందో, ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. పాఠం అయిపోయింది. నాయన చుట్టూ చూసి నవ్వాడు. "సరేన్నా, మార్చుతాలే" అంది మేడమ్.

నన్ను మార్చిన మొదటి చాప మీద అందరూ కథలు చదివేవాళ్లు. నేను పక్క పిల్ల చదివేది విని మళ్లీ చెప్పేదాన్ని. మూడో చాప వైపు చూస్తే నా బండ ఖాళీగా ఉండేది. ఎండలు ముదిరేసరికి ఆ ఇద్దరూ పుస్తకం తీసి ఎక్కడంటే అక్కడ చదవసాగారు. మేడమ్ ఒకటి రెండుసార్లు నన్ను దగ్గరికి పిలిచింది. నాయనకు తెలుస్తుందని నేనే పోలేదు.

సెలవుల్లో నాయన నన్ను పులివెందుల తీసుకెళ్లాడు. బస్టాండులో టీ అంగడి దగ్గర ఆయన తెలిసినవాళ్లు నలుగురు కూర్చుని ఉన్నారు. వాళ్లలో ఒకాయన సరదాకే అడిగాడు, "ఏం పాపా, బాగా చదువుతావంట గదా. ఆ బస్సు యాడికి పోతాందో చెప్పు."

బస్సు బోర్డును ఎవరూ ముందు చదివి వినిపించరు. "ప్రొద్దుటూరు" అన్నాను. అదే సమయానికి మా బడి సాయబుల పాప వాళ్ల నానమ్మ చెయ్యి పట్టుకుని ఆ బస్సు దగ్గరికి వచ్చింది. తలెత్తి, "లింగాల" అని చదివి, ముసలమ్మను ఎక్కించింది.

"మీ పాప మాటిని ప్రొద్దుటూరుకు పోయేటోళ్లు ఎక్కింటే లింగాలలో దిగుతాండ్రి కదప్పా!" అని వాళ్లంతా నవ్వారు. నాయన గ్లాసు కింద పెట్టి లేచాడు.

బడి తెరిచిన రోజు మేడమ్ మీద అరిచాడు. "ఏడాదంతా ఏం నేర్పినావమ్మా మా పిల్లకు?" ఆమె ఒక్కటే అంది, "మళ్లీ నా చాప మీదికి పంపన్నా." ఆ మాటతో నాయనకు ఇంకా మండింది. మర్నాటి నుంచి నేను వ్యానెక్కి కాన్వెంటుకు పోయాను. అక్కడ గది నిండా పిల్లలు, అందరం కలిసి అరవడమే. నాకు మంచి మార్కులొచ్చాయి. చదవడం తర్వాత ఎప్పుడో నాకు నేనే గుంజుకుని నేర్చుకున్నాను, అదీ సగం సగం. డిగ్రీ కూడా బట్టీ పట్టే గట్టెక్కాను. ఇప్పటికీ నలుగురిలో ఏదైనా చదవమంటే కళ్లద్దాలు మరిచిపోయానంటాను. నాకు కళ్లద్దాలు లేవు.

మేడమ్ ఆ రోజు నన్ను అవమానం నుంచి తప్పించింది. అది దయే. ఆ దయ మీద నాకు ఇంకా కోపం పోలేదు.

ఇప్పుడు ప్రొద్దుటూరులో మా బాబు రెండో తరగతి. వాడికి ఇంట్లో చెప్పేది నేనే, నాకు తెలిసిన పద్ధతి ఒక్కటే. వాడికి చదవడం రాలేదని, రోజూ కాసేపు నలుగురు పిల్లలతో విడిగా కూర్చోబెట్టి నేర్పిస్తానని వాళ్ల మిస్ కబురు చేసింది. మా ఆయన భగ్గుమన్నాడు. "మూలన కూచోబెడతారంటనా? మనోడేమన్నా తక్కువోడా? రేపొచ్చి వాళ్ల ముందరే చదివిస్తా."

ఆయనకంటే ముందు ఈ పొద్దు నేనే వెళ్లాను. ఆ మిస్ నాకంటే చిన్నది.

"రేపు వాళ్ల నాన్న వచ్చి వాన్ని చదవమంటాడు. వాడు గడగడా చదువుతాడు. మీరు ఊరుకోవద్దు మేడమ్. వానికి రాదని ఆయనకు తెలిసేట్టు చెయ్యండి" అన్నాను.

"అందరి ముందర బాబు చిన్నబోతాడేమో?" అంది.

"చిన్నబోతాడు. ఏడుస్తాడు కూడా. వాన్ని నేను చూసుకుంటా. మీరు మాత్రం మొహమాటపడొద్దు."