కమిషనర్ గారొస్తున్నారని సున్నం వేశాం

మొన్న ఆదివారం మా పక్క ఫ్లాటు అమ్మాయి స్టూలు అడగడానికి వచ్చింది. బందరులో ఈ అపార్టుమెంటు కట్టి ఎన్నాళ్ళయిందని, అప్పుడే వాళ్ళ పడగ్గది గోడ చెమ్మెక్కి నల్లటి మరకలు పడిపోయాయట. బిల్డరు ఫోను ఎత్తకపోయేసరికి వినియోగదారుల కోర్టులో కేసు వేశారట. మర్నాడు గోడ చూడటానికి ఇంజనీరు వస్తున్నాడు, బయటి మనిషి వచ్చేటప్పటికి ఇల్లు అసహ్యంగా ఉంటే ఏం బాగుంటుంది, ఆ మరకలు కాస్త తుడిచేస్తానని స్టూలు కావాలట. నేను చేతిలో ఉన్న చిక్కుడుకాయల పళ్ళెం పక్కన పడేసి, "తుడవకే తల్లీ, చచ్చినా తుడవకు!" అని అరిచాను. ఆ పిల్ల బిత్తరపోయి రెండడుగులు వెనక్కి వేసింది. ముసలావిడకు మతి పోయిందనుకునే ఉంటుంది, అనుకోనివ్వండి. ఆ పిల్లకు చెప్పలేకపోయింది మీకు చెబుతాను, మీరైతే నా ఈడు వాళ్ళు, మీకు తెలుస్తుంది.

మా నాన్నగారు ముదినేపల్లి దగ్గర ఒక పల్లెలో బడిపంతులుగా ఉండేవారు. అమ్మది దివిసీమ. ఆవిడ పుట్టిల్లు మట్టిగోడల ఇల్లు, నా చిన్నతనంలో ఉప్పెన వచ్చినప్పుడు గోడా కప్పూ కూడా మిగలకుండా సముద్రం ఊడ్చుకుపోయింది, అప్పటినుంచీ ఆవిడకు ఇటుక గోడల ఇల్లంటే పిచ్చి. ఆ తర్వాత ఎన్ని అద్దె కొంపలు మారామో, ప్రతి ఇంట్లోనూ చేరిన రోజునుంచే, మనదంటూ ఒక గోడ ఉంటే ఇక్కడ అలమర పెట్టించేదాన్ని, అక్కడ కిటికీ పెట్టించేదాన్ని అని లెక్కలు వేస్తూ ఉండేది. ఆఖరికి ఆవిడ గాజులూ నాన్నగారు దాచుకున్న డబ్బూ కలిపి, ఊరి చివర పొలాల పక్కన చిన్న స్థలం కొని, మూడు గదుల పెంకుటిల్లు వేశారు. ఆ స్థలం చూపించిందీ, కొలతలు దగ్గరుండి వేయించిందీ మా వెనక పొలం ఆసామి. ఆయన మాకు చుట్టం కాదు గానీ మేం పెదనాన్న అనేవాళ్ళం, నాన్నగారు అన్నయ్యా అనేవారు, అమ్మకు ఆయన బావగారు. గృహప్రవేశానికి పాలు కూడా వాళ్ళ పాడి గేదెవే వచ్చాయి.

అమ్మ ఆ ఇంటిని చూసుకున్న తీరు చెప్పాలంటే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది. వాకిట్లో ఎవరైనా కాలు కడుక్కోకుండా గడప తొక్కితే ఆవిడ చూపుకే సగం చచ్చేవాళ్ళు. గోడకు ఆనుకుని కూర్చుంటే జుట్టు నూనె అంటుకుంటుందని మమ్మల్ని గది మధ్యలో కూర్చోబెట్టి చదివించేది. నేను గుడివాడ కాలేజీ నుంచి బస్సు దిగి వస్తే ముందు పుస్తకాలు ఎక్కడ పెట్టాలో చెప్పి, ఆ తర్వాతే అన్నం తిన్నావా అని అడిగేది.

అలాంటి ఇంటి వెనక, చుట్టుపక్కల అందరూ వరి మానేసి చేపల చెరువులు తవ్విస్తున్న ఆ రోజుల్లో, పెదనాన్న కూడా తన పొలాన్ని చెరువు చేశారు. గట్టు తెచ్చి మా పెరటి దడి పక్కనే పోశారు. నాన్నగారు వెళ్ళి, అన్నయ్యా కాస్త ఎడం వదలండి అంటే, చూద్దాంలేరా అన్నారు గానీ చూసింది లేదు. ఆ వానాకాలానికే వంటింటి గోడ అడుగునుంచి చెమ్మ పైకి ఎక్కింది, మరుసటి ఏటికి ఉత్తరపు గోడ ఉప్పుపట్టి పెచ్చులు ఊడింది, చాప పరిస్తే తెల్లారేసరికి తడిసి ఉండేది. ఊళ్ళో పెద్దమనుషులు కూర్చుని, చెరువు లేని ఇల్లెక్కడుంది మాస్టారూ, సర్దుకుపోవాలి అన్నారు. అమ్మ ఆ మాటకు గుమ్మంలోకి వచ్చి, "మీ ఇంటి గోడ అయితే సర్దుకుపోతారేమో, నా గోడ నేను సర్దను" అంది. అప్పుడే నాన్నగారు గుడివాడ మున్సిఫ్ కోర్టులో దావా వేశారు. సముద్రం మీద వేయలేకపోయాం, చెరువు మీదైనా వేద్దాం అని అమ్మతో హాస్యమాడారు కూడా.

ఇక మొదలయ్యాయి వాయిదాలు. నాన్నగారు సెలవు పెట్టుకుని బస్సుకు వెళితే అదే బస్సు కోసం పెదనాన్న కూడా నిలబడి ఉండేవారు. ఇద్దరూ ఒకే సీట్లో కూర్చుని వెళ్ళి, కోర్టు దగ్గర దిగి, ఎవరి ప్లీడరు దగ్గరికి వాళ్ళు విడిపోయి, సాయంత్రం మళ్ళీ పకోడీ పొట్లం పంచుకుని వచ్చేవారు. ఇది చెబితే మా మనవలు నమ్మరు. ఇద్దరి మధ్యా మాట తేడా రాలేదు, చెరువు నీరూ తగ్గలేదు.

అలా తిరగ్గా తిరగ్గా, కోర్టు వారు ఒక చిన్న వకీలు గారిని కమిషనర్‌గా వేశారు, ఆయన స్వయంగా వచ్చి గోడలు చూసి రిపోర్టు రాసిస్తే దాన్నిబట్టి తీర్పు ఉంటుందట. మా ప్లీడరు గారు ఇక గెలిచినట్టే మాస్టారూ అన్నారట. గోడలు చూస్తే గుడ్డివాడికైనా తెలుస్తుంది కదా అని మా ధీమా. నాన్నగారు ఆయన్ని దగ్గరుండి తీసుకురావడానికి ముందు రోజే గుడివాడ వెళ్ళారు. అదే మా కొంప ముంచింది.

కోర్టు నుంచి ఇంతటి పెద్దమనిషి ఇంటికొస్తుంటే గోడలు పెచ్చులూడి, పాచిపట్టి ఉంటాయా? అమ్మ ప్రాణం ఒప్పుకోలేదు. మమ్మల్ని చూసి ఆయన ఏమనుకుంటాడు, పంతులుగారి భార్య ఇల్లు ఊడ్చుకోదనుకోడూ అని, పొద్దున్నే సున్నం నానబెట్టించింది. నేనూ ఆవిడా కొంగులు దోపుకుని, ఊడిన చోటల్లా ఇంత మట్టి మెత్తి, నీలిమందు కలిపి ఇల్లంతా రెండు పూతలు వేశాం. ఉత్తరపు గోడకు అమ్మ మూడో పూత కూడా వేసింది, అదే అన్నిటికంటే అసహ్యంగా ఉందని. పొద్దు వాలేసరికి ఇల్లు కొత్త పెళ్ళికూతురిలా ఉంది. అమ్మ వాకిట్లో నిలబడి చూసుకుని మురిసిపోయింది, అన్ని నెలల తర్వాత ఆవిడ మొహం విప్పారడం నేను అప్పుడే చూశాను. గోడకు సున్నం వేయకండి అని ఒక్క ముక్క చెప్పాలని ప్లీడరు గారికి తోచలేదు, తోచినా ఆ మాట ఎవరైనా చెబుతారా చెప్పండి.

మర్నాడు కమిషనర్ గారిని వెంటబెట్టుకుని వచ్చిన నాన్నగారు గేటు దగ్గరే ఆగిపోయారు. కమిషనర్ గారు మర్యాదస్తుడే పాపం, రెండు పక్షాల్లో ఎవరింటా ఏమీ తినకూడదని అమ్మ చేసిన పులిహోర వద్దని మంచినీళ్ళు మాత్రం తాగారు, ఆ పులిహోర ముట్టుకోలేదని అమ్మ నొచ్చుకుంది. గోడ మీద చెయ్యి ఆనించారు, అరచెయ్యంతా తెల్లగా అయింది, రుమాలుతో తుడుచుకుని ఏదో రాసుకున్నారు. గోడలకు కొత్తగా సున్నం వేసి తడిగా ఉన్నందున ఆ తేమ చెరువుదో సున్నానిదో తేల్చి చెప్పలేనని ఆయన రిపోర్టు. ఆయన తప్పు లేదు, ఉన్నదే రాశారు.

నాన్నగారు అమ్మను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదని అమ్మ తర్వాత చాలాసార్లు నాతో అంది. మళ్ళీ కమిషనర్‌ని పంపమని అర్జీ పెట్టుకుంటే, అది సాగి సాగి రెండో ఆయన వచ్చేనాటికి చేపలు పట్టడానికి చెరువు నీళ్ళన్నీ తోడేసి ఉన్నాయి, ఎండిన చెరువు పక్కన ఎండిన గోడను చూసి ఆయనా వెళ్ళారు. ఆ తర్వాతి వానల్లో ఉత్తరపు గోడ పడిపోయింది, దాని వెంట దూలమూ పెంకులూ దిగాయి. మేమెవరమూ ఆ గదిలో లేకపోవడం ఒక్కటే అదృష్టం. నాన్నగారికి బదిలీ అయితే సామాను బండికెత్తుకుని గుడ్లవల్లేరులో మళ్ళీ అద్దె ఇంట్లో చేరాం. ఆఖరికి తీర్పు వచ్చింది. ఏ ఇంటి గోడల కోసం దావా వేశారో ఆ ఇల్లే ఇప్పుడు లేదు కాబట్టి ఇక చెప్పడానికేమీ లేదని కొట్టేశారు. నాన్నగారు వచ్చి చెబితే అమ్మ, "నీళ్ళు ఎక్కడివో అందులో రాశారా?" అని అడిగింది. రాయలేదన్నారు నాన్నగారు. అయితే నేను సరిగ్గా చూసుకోక పడిపోయినట్టేగా అంది ఆవిడ.

కొన్నాళ్ళకు పెదనాన్న ఏదో పెళ్ళికి వస్తూ మా అద్దె ఇంటికి వచ్చారు. అమ్మ మజ్జిగ ఇచ్చింది. ఆయన తాగి, మూతి తుడుచుకుని, వాతావరణం మాట చెప్పినంత మామూలుగా, "నీళ్ళు మా చెరువువేలేమ్మా, నాకు తెలీదా, ఊరందరికీ తెలీదా" అన్నారు.

"ఆ ముక్క అక్కడ చెప్పాల్సింది కదా బావగారూ" అంది అమ్మ.

"అక్కడ మనల్నెవడు చెప్పనిస్తాడమ్మా, ప్లీడరు చెప్పమన్నదే చెప్పాలి" అని నవ్వి, పొద్దుపోతోందని లేచారు. నాకు ఒళ్ళు మండిపోయింది, ఆ గ్లాసు తీసి ఆయన మీదికి విసరాలనిపించింది, ఇదుగో ఈ రోజుకీ ఆ మంట ఆరలేదు. అమ్మ మాత్రం వీధి చివరి దాకా సాగనంపి వచ్చింది.

ఇప్పుడు ముదినేపల్లి వైపు వెళితే కనుచూపు మేరంతా చెరువులే, మా ఇల్లు ఎక్కడుండేదో నాకే గుర్తు దొరకదు. ఇప్పుడు జనానికి హక్కులు తెలుసు, వాటికి వేరే కోర్టులున్నాయి, చేతిలో ఫోన్లున్నాయి, మంచిదే. కానీ తప్పు చేసినవాడు ఫోనెత్తడు, ఎత్తినా వాడి నోట నిజం రాదు. అమ్మకు ఆ మాట కోర్టులో కాకపోయినా మనిషి నోటి నుంచి వినబడింది, ఆ రోజుల్లో అంతమాత్రమైనా ఉండేది. విన్నందువల్ల ఆవిడకు ఊరట కలిగిందా అంటే, ఆ తర్వాత బతికినన్నాళ్ళూ ఏ అద్దె ఇంట్లో చేరినా అలమర ఎక్కడ పెట్టిస్తానో, కిటికీ ఎక్కడ పెట్టిస్తానో ఒక్కసారీ అనలేదు.