కలిసిన గీతలు, ఎక్కని మెట్లు

ఇన్నేళ్లూ గుండెల మీద మోసిన మాట ఇది. ఇప్పుడు మీకు రాసేస్తున్నాను. సిగ్గుతోనా? సగం ఉత్సాహంతోనే!

ఎనభైలలో విశాఖలో పరిశోధన చేసేవాళ్లం, కృష్ణా జిల్లా నుంచి వచ్చిన నేనూ, ఆనందపురం రైతుబిడ్డ సూరిబాబూ. రంగు అణువుల మీద ఒకే దిశలో కంపించే వెలుగు మెరిపించి, అవి తిరిగి విడిచే వెలుగు ఆ దిశను ఎంత త్వరగా మరిచిపోతుందో అతను కొలిచి గీతగా గీసేవాడు. అణువు తన శక్తిని పక్క అణువుకు అందిస్తే ఆ మరుపు ఇంకా వేగం. అబ్బ, ఎంత అందమైన సంగతి! ఏనాటికైనా జీవకణంలో ఏ అణువు దేని పక్కనుందో దీనితో బొమ్మ తీయొచ్చని కలలు కనేవాళ్లం. అదే గీతను కంప్యూటర్‌లో లెక్కగట్టడం నా పని. రెండు గీతలూ కలిసిన రోజున సింహాచలం మెట్లు ఎక్కుదామని మొక్కుకున్నాం.

కలవలేదు. ఎప్పుడూ అతని గీత నా గీతకు కిందే.

"ఒక దిశ వెలుగునే వడగట్టే పలక వంకరగా బిగించావు," అన్నాను.

"నాను మళ్లీ మళ్లీ సూసేను బావా. నీ లెక్క ఓసారి సూసుకోరాదేటి?"

"కంప్యూటర్ తప్పు చెబుతుందా?"

"అయితే నా సెయ్యే వంకర," అని నవ్వేశాడు. ఆ ఏడాదే పరిశోధన వదిలి ఉక్కు కర్మాగారంలో చేరిపోయాడు.

తర్వాత ఓరోజు నా ప్రోగ్రాం కార్డులు తిరగేస్తుంటే తప్పు కనబడింది. మొదటి దిశకు అడ్డంగా కంపించే వెలుగుకు రెండు దిక్కులు. మనం కొలిచేది ఒకదాన్నే. మొత్తంలో దాన్ని రెట్టింపు చేసి కలపాలి. నేను చేయలేదు, అందుకే నా గీత పైకి తేలింది! కార్డు మార్చాను. ప్రింటర్ టకటకా చుక్కలు కొట్టింది. ఆ కాగితాన్ని అతని గీత మీద పరిచి కిటికీకి ఎత్తిపట్టాను. కలిశాయి! చుక్క మీద చుక్క! "బావా!" అని గెంతులేస్తూ అరిచాను. వినడానికి అతను లేడు.

ఉక్కు కర్మాగారం ఉన్న కూర్మన్నపాలెం బస్సెక్కి చెప్పేయాల్సింది. వెళ్లానా? లేదు. భయమా, గర్వమా? గర్వమే. లెక్కల్లో దిట్టనన్న పేరు పోతుందని. పైగా పలక సరిచేసి నేనే మళ్లీ కొలిచానని రాసి, అతని గీతతోనే డాక్టరేట్ తెచ్చుకున్నాను.

చాలాకాలానికి ఓ పెళ్లిలో కనబడ్డాడు. "మా బావ లెక్కల్లో గట్టోడు. నా సెయ్యే వంకర," అని భార్యకు నన్ను సంబరంగా చూపించాడు. నేను నవ్వుతూ ఆమెకు నమస్కారం పెట్టాను.

ఆ మెట్లు ఇప్పటికీ ఎక్కలేదు. క్షమించమని అడగను. కానీ రాసేశాను, ఊపిరాడుతోంది! సూరిబాబు చెయ్యి వంకర కాదు. అతను కొలిచింది మొదటి రోజు నుంచీ సరైనదే.