నేను మార్చి చెప్పిన రెండంకెలు

ఆ రోజు కొబ్బరినూనె వాసన రాలేదు.

మాది వనపర్తిలో చిన్న గాజుల దుకాణం. గాజు బిగుతుగా ఉంటే చేతికి కాస్త నూనె రాసి ఎక్కిస్తాం. రోజుకు పదిసార్లు ముక్కుకు తగిలే వాసన అది. కరోనా రెండో వేవ్ నడుస్తున్న ఎండాకాలం. పొద్దున లేచేసరికి ఒళ్లునొప్పులు, సన్నగా జ్వరం. కొత్త నూనె సీసా మూత తీస్తే వట్టి నీళ్లలా ఉంది. నాకసలే కోపం ముక్కుమీదే ఉంటుంది. మాస్కు గడ్డం కిందికి లాగి, సీసా పట్టుకుని కిరాణా కొట్టు శేఖర్ మీదికి పోయాను.

"కల్తీ నూనె అంటగడ్తవా? జర కూడ వాసన లేదు!"

శేఖర్ సీసా అందుకోలేదు. రెండడుగులు వెనక్కి జరిగాడు.

"నూనె మంచిగనే ఉన్నది షాహీనక్కా. నీకే వాసన తెలుస్తలేదు. ముందుగాల మాస్కు మీదికి గుంజుకో. పోయి టెస్ట్ చేయించుకో."

కొట్టు ముందు ముగ్గుపిండితో గీసిన గుండ్రాల్లో నిలబడ్డవాళ్లంతా నన్నే చూస్తున్నారు. తలవంచుకుని వచ్చేశాను.

మర్నాడు ఆరోగ్య కేంద్రంలో ముక్కులో పుల్ల పెట్టి ర్యాపిడ్ టెస్ట్ చేశారు. నెగెటివ్. నేను లేవబోతే సిస్టర్ ఆపింది.

"ర్యాపిడ్‌ను నమ్మొద్దమ్మా. వాసన పోయిందంటున్నవు గదా. ఆర్‌టీపీసీఆర్‌కు శాంపిల్ పంపుతం. రిజల్ట్ ఫోన్ చేసి చెప్తరు. అప్పటిదాంక ఇల్లు కదలొద్దు. నంబర్ చెప్పు."

నా తప్పు ఇక్కడ మొదలైంది. గాజులమ్మేదానిది చెయ్యి పట్టుకుని చేసే పని. ఫలానా షాహీన్‌కు కరోనా అని ఒక్కసారి పేరు పడితే మళ్లీ ఏ ఆడది నా ముందు చెయ్యి చాపుతుంది? పాజిటివ్ వచ్చినవాళ్ల తలుపులకు కాగితాలు అతికించడం నేను చూశాను. వాళ్లు రాసుకున్న నా ఆధార్ కార్డులో పుట్టింటి చిరునామానే ఉంది. నంబర్ కూడా తప్పయితే నన్నెవరూ పట్టుకోలేరనుకున్నాను. చివరి రెండంకెలు మార్చి చెప్పాను. ఇంటికొచ్చి మా ఆయనతో "నెగెటివ్" అన్నాను. శాంపిల్ పంపిన సంగతి చెప్పలేదు.

గోళీలు వేసుకుంటే జ్వరం తగ్గింది. రెండో రోజు పెబ్బేరు దారిలోని ఊరి నుంచి బాలమణక్క ఫోన్ చేసింది. మా అమ్మ కాలం నుంచి వాళ్లింటికి గాజులు మేమే వేస్తాం.

"షాహీనా, మా బిడ్డ స్వప్న పెండ్లి ఎల్లుండి. ఇరవై మందిమే. రేపు వచ్చి గాజులేసి పో. నువ్వు రాకుంటే ఎట్లనే?"

పోయాను. సిస్టర్ మాట గుర్తుంది. అయినా పోయాను.

బిగుతు గాజు ఎక్కించడం బలంతో అయ్యే పని కాదు. భయపడితే చెయ్యి బిగుసుకుంటుంది. మాటల్లో పెట్టి, వాళ్లు నవ్వే క్షణంలో బొటనవేలి కింది ఎముకను నొక్కి గాజు జార్చాలి. మాట కలిపితేనే చెయ్యి మెత్తబడుతుందని మా అమ్మ నేర్పింది. మాస్కులోంచి నేను మాట్లాడుతుంటే పెళ్లిపిల్ల స్వప్న, "ఏమంటున్నవో ఇనొస్తలేదు చిన్నమ్మా" అంది. మాస్కు కిందికి లాగేశాను. పద్నాలుగు మంది ఆడవాళ్ల చేతులు ఒకదాని తర్వాత ఒకటి ఒళ్లో పెట్టుకుని, ముఖంలో ముఖం పెట్టి మాట్లాడాను. చివరికి బాలమణక్క కూర్చుంది. ఆమె భర్త కుర్మయ్యన్న చాయ్ తెచ్చి నా పక్కనే కూర్చున్నాడు.

"ముసల్దానికి గిన్ని గాజులెందుకే?" అన్నాడు.

"పెండ్లి బిడ్డదా, మీదా అన్నా?" అన్నాను. ఆయన పడీ పడీ నవ్వాడు.

పెళ్లయిన మూడో రోజు వాకిలి ఊడుస్తుంటే ఊపిరి అందలేదు. మా ఆయన ఆటోలో పెద్ద దవాఖానకు తీసుకుపోయాడు. వేలికి క్లిప్పు పెట్టారు. ఆక్సిజన్ ఎనభై రెండు. డాక్టరు మా ఆయన మీద అరిచాడు.

"శాచురేషన్ ఇంత పడిపోయేదాకా ఏం చేస్తున్నరు? టెస్ట్ చేయించలేదా?"

"చేయించినం సార్. నెగెటివ్ వచ్చింది," అన్నాడు ఆయన అమాయకంగా.

డాక్టరు నా ఆధార్ నంబరుతో కంప్యూటర్‌లో వెతికించాడు. "ఆర్‌టీపీసీఆర్ పాజిటివ్. నాలుగు రోజులయింది రిపోర్ట్ వచ్చి. మూడుసార్లు ఫోన్ చేస్తే రాంగ్ నంబర్ అన్నరంట." వేళ్లు మడిచి లెక్క చూసుకున్నాను. నేను గాజులు వేసిన రోజు సాయంత్రమే వాళ్లు ఫోన్ చేశారు. మా ఆయన నా వైపు చూశాడు. ఆక్సిజన్ మాస్కు ఉంది కాబట్టి నేను మాట్లాడక్కర్లేకపోయింది.

పదకొండు రోజులు ఉన్నాను. స్టెరాయిడ్స్‌తో షుగర్ నాలుగు వందలు దాటింది. బోర్లా పడుకోమనేవారు. నా పక్క బెడ్డు రెండుసార్లు ఖాళీ అయింది, రెండుసార్లూ నడిచి వెళ్లినవాళ్లు లేరు. ఎనిమిదో రోజు మా ఆయన కిటికీ అవతలి నుంచి ఫోన్‌లో చెప్పాడు. కుర్మయ్యన్నను గద్వాల దవాఖానలో చేర్చారట. నేను ఇంటికొచ్చిన రోజే కుర్మయ్యన్న చనిపోయాడు.

"నా నుంచే అంటుకుందా సార్?" అని చెకప్‌కు పోయినప్పుడు అడిగాను.

"పెండ్లికి ఎంతో మంది వచ్చి ఉంటరు. ఎవరి నుంచి వచ్చిందో ఎవరూ చెప్పలేరమ్మా," అన్నాడు డాక్టరు. ఆ మాట నాకు ఓదార్పు కాలేదు. కాదు అని అనలేదు కదా.

లంగ్స్‌లో ఫైబ్రోసిస్ మచ్చలు మిగిలాయి, నాలుగడుగులు వేస్తే ఆయాసం. చేతులు వణికి గాజులు నా చేతిలోనే పగిలేవి. ఆరు నెలలు దుకాణం మూసే ఉంది. తెరిచాక కూడా పెబ్బేరు దారిలోని ఆ ఊరికి పోలేదు. పెళ్లికి నేను బాలమణక్కకు వేసిన గాజులు పదో రోజున ఎవరు పగలగొట్టి ఉంటారో అనే ఆలోచన నన్ను వదల్లేదు. నిజం చెప్తే వాళ్లు నన్ను తిడతారని కాదు నా భయం. తిట్టకుండా ఊరుకుంటే ఎట్లా అని.

పోయిన ఏడాది ఆ ఊరికి పోయాను. బాలమణక్క బోసి చేతులతో చింతపండు గింజ తీస్తోంది. నంబర్ సంగతి మొదలుకొని మొత్తం చెప్పాను. ఆమె గింజలు తీయడం ఆపకుండానే అంది.

"నాకెందుకు చెప్తున్నవు? నా బిడ్డ తన పెండ్లి వల్లనే నాయిన పోయిండని గిన్నేండ్ల సంది ఏడుస్తుంది. పెండ్లిరోజు వస్తే అన్నం ముట్టదు. పోయి దానికి చెప్పు."

వాకిట్లోనే నిలబడి స్వప్నకు ఫోన్ చేశాను. అంతా విన్నది.

"ఇన్నేండ్లు ఎందుకు చెప్పలే చిన్నమ్మా?" అంది. ఫోన్ పెట్టేసింది. మళ్లీ చేయలేదు. ఈ ఏడాది పెళ్లిరోజు స్వప్న అన్నం తిన్నదని మాత్రం బాలమణక్క కబురు పంపింది.

ఇప్పుడు ఇన్‌హేలర్ వాడుతూ దుకాణంలో కూర్చుంటున్నాను. జలుబు చేసినా, దగ్గొచ్చినా ఆ రోజు షట్టర్ తీయను. మీకు నేను చెప్పగలిగింది ఒక్కటే. ఏ టెస్టుకైనా మీ సొంత నంబరే చెప్పండి, రిపోర్టు వచ్చేదాకా గడప దాటకండి. స్వప్నకు చేసిన ఆ ఒక్క ఫోను, దవాఖానలో డాక్టరు నా రిపోర్టు చదివిన రోజే నేను చేసి ఉండాల్సింది.