గాయా బిజార్ పొడి

దుబాయ్‌కి ఉత్తరాన సముద్రం ఒడ్డునున్న రమ్స్ ఊళ్లో చేపల పడవలు ఆగే చోటికి నాలుగిళ్ల అవతల గాయా ఇల్లు. భర్త చనిపోయిన ఏడాది ముందుగది ఖాళీ చేసి, చాపలు పరిచి, శుక్రవారాలు నమాజు అయ్యాక చేపల పులావు లాంటి మచ్‌బూస్ వండి అమ్మడం మొదలుపెట్టింది. వంజరం ముక్కలు, బియ్యం, ఎండు నిమ్మకాయలు అందరూ వేసేవే. జనం వచ్చేది ఆమె బిజార్ కోసం. ధనియాలు, జీలకర్ర, మిరియాలు, సోపు, దాల్చినచెక్క విడివిడిగా వేయించి కొట్టిన ఆ మసాలాపొడి రుచి మరిగి దుబాయ్ నుంచి కూడా కార్లేసుకుని వచ్చేవాళ్లు.

పదకొండేళ్లు అలా సాగింది. పన్నెండో ఏడు వేసవిలో ఆమెకు జ్వరం వచ్చి, వారానికి తగ్గింది. మర్నాడు పొద్దున కూతురు మైతా పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోయి, పరుగున వచ్చి కట్టేసింది. పక్కనే కూర్చుని ఖర్జూరాల గింజలు తీస్తున్న గాయా తలైనా ఎత్తలేదు.

"ఇల్లంతా మాడు కంపు కొడుతుంటే నీకు తెలీలేదా అమ్మా?"

గాయా గట్టిగా గాలి పీల్చింది. ఏమీ తెలియలేదు. లేచి వెళ్లి ఊదు ముక్క తెచ్చి నిప్పుల మీద వేసింది. పొగ కళ్లకు కనిపించింది, అంతే.

"వాసన తెలియడం తిరిగి రావచ్చు, రాకపోవచ్చు. చూడాలి" అన్నాడు డాక్టరు.

ఎవరికీ చెప్పకుండా మూడు శుక్రవారాలు చేతి అలవాటు మీద వండింది. తిన్నవాళ్లు బాగుందనే అన్నారు గానీ పళ్లేల్లో అన్నం మిగిలిపోయింది. నాలుగో వారం ఖల్ఫాన్ అనే ముసలి జాలరి అందరూ వెళ్లేదాకా కదలకుండా కూర్చున్నాడు.

"మైతా వాళ్లమ్మా, ఒక మాటంటే కోపం తెచ్చుకోవు కదా?"

"అను అన్నా."

"ఇవాళ జీలకర్ర మాడింది. పోయిన వారం ధనియాలు పచ్చిగా ఉన్నాయి."

గాయా చేతిలో గిన్నె కింద పెట్టింది. "నాకు వాసన తెలియడం లేదన్నా. జ్వరం వచ్చిన కాణ్ణుంచీ."

"మరి చెప్పొద్దటమ్మా? నా నాలుకే చచ్చిందేమోనని ఇంట్లో మా ఆవిడ మీద ఎగురుతున్నాను."

ఆమె నవ్వబోయింది. నవ్వు రాలేదు.

ఆ రోజు నుంచి మైతాను పెనం ముందు కూర్చోబెట్టింది.

"ఎప్పుడు దించాలి?"

"వాసన మారగానే."

"మారి ఎలా ఉంటుంది?"

గాయాకూ ఎవరూ మాటల్లో చెప్పలేదు. చిన్నప్పుడు తల్లి పక్కన నిలబడి ముక్కుతో నేర్చుకున్నదే.

"మారిందనుకుంటానమ్మా. మారిందా?" అంటుంది మైతా పెనం తల్లి మొహం దగ్గరికి తెచ్చి. పిల్లకు వాసన తెలుస్తుంది, ఏ వాసన కావాలో తెలియదు. తల్లికి కావలసిన వాసన తెలుసు, ముక్కుకే అందదు. ఆరుసార్లు వేయించి ఆరుసార్లూ పారబోశారు. ఏడోసారి మైతా గరిటె వదిలేసి ఏడ్చింది.

"నా వల్ల కాదమ్మా."

"నీ తప్పేం లేదులే" అంది గాయా. మరి ఎవరి తప్పో ఆమెకే తోచలేదు.

మచ్‌బూస్ మానేసింది. వేడి పెనం మీద పిండి పల్చగా పులిమే రగాగ్ రొట్టెలు మాత్రం మిగిలాయి. వాటికి కన్నూ అరచెయ్యీ చాలు. కార్లు ఇంకా వస్తూనే ఉన్నాయి. అద్దం దించి మచ్‌బూస్ అడిగిన వాళ్లకు, "మసీదు దాటాక ఎడమ చేతి వైపు మూడో ఇల్లు. సలామా అని అడగండి" అని దారి చెబుతుంది. ఆ సలామా చేతి వంటనే పదేళ్లు నలుగురిలో వెక్కిరించింది గాయా.

ఒక శుక్రవారం సలామాయే పళ్లెం నిండా మచ్‌బూస్ పంపింది. మైతా ముందు తింది.

"ఎలా ఉంది?"

"బానే ఉందమ్మా."

"నాదిలా ఉందా?"

మైతా చాలాసేపు నమిలింది. "నీది ఎలా ఉండేదో సరిగ్గా గుర్తు రావడం లేదమ్మా."

గాయా పళ్లెం తన వైపు లాక్కుని ఒక ముద్ద పెట్టుకుంది. ఉప్పు తెలిసింది. కారం తెలిసింది. చేప మెత్తగా ఉంది, వాసన మాత్రం అందలేదు. రెండో ముద్ద కలిపింది.