మంచు చూసిన నా సూటు

ఆ రోజుల్లో ఢిల్లీలోని మా తెలుగు గుమాస్తాల్లో రెండే జాతులుండేవి: ఫారిన్ పోస్టింగ్ వచ్చినవాళ్లు, రావలసినవాళ్లు. రెండో జాతిలో నేను చాలా సీనియర్ని. మా ఆఫీసు నుంచి అప్పుడప్పుడూ ఒకరిని ఏదో ఒక దేశంలోని మన రాయబార కార్యాలయానికి మూడేళ్లపాటు పంపేవారు. ఈసారి ఆ ఒక్కడూ నేనేనన్న నమ్మకంతో, జనక్‌పురిలో గదికి అద్దె కడుతూ కూడా నేను ఢిల్లీలో కాపురమున్నట్టు లెక్క కాదు. గ్యాసుకు పేరు రాయించుకోలేదు. మంచం కొనలేదు (వెళ్లిపోయేవాడికి మంచమెందుకు?). పక్కింటి ఆంటీ పెళ్లి సంబంధం తెస్తే "పోస్టింగ్ రానివ్వండి ఆంటీ, అప్పుడు చూద్దాం" అనేవాణ్ణి. కొన్నదల్లా ఉన్నిగుడ్డ ఒకటి. కరోల్ బాగ్‌లో మే నెల ఎండలో దాంతో సూటు కుట్టించుకున్నాను. దర్జీ కొలతలు తీసుకుంటూ "ఇస్ గర్మీ మే, బాబూజీ?" అని నావైపు జాలిగా చూశాడు.

మా ఆఫీసులోనే పనిచేస్తూ నా గదిలోనే ఉండే మిత్రుణ్ణి అందరూ నిదానం అనేవారు. వాడు నాకు పూర్తిగా విరుద్ధం. గ్యాసుకూ స్కూటరుకూ పేర్లు రాయించి, పాల డిపో భయ్యాతో యోగక్షేమాలు మాట్లాడుతూ, "ఇక్కడే ఉండిపోతాన్రా, ఈ ఊరు నాకు పడింది" అనేవాడు. పోస్టింగ్ వాడికి వచ్చింది.

నాకు కడుపు మండిపోయింది. మర్యాద కోసం "కంగ్రాట్స్ రా" అన్నాను. వాడు తన మంచం మీద కూలబడి, "ఇప్పుడెలారా? వచ్చే నెల గ్యాసు ఇస్తామన్నారు" అంటూ కళ్లు తుడుచుకున్నాడు. ఏడవాల్సింది నేను. ఆ పని కూడా వాడే చేసేస్తే ఇక నాకు మిగిలిందేమిటి?

అంతటితో ఊరుకున్నాడా? "అక్కడ మంచు పడుద్దంటరా. నీ సూటు ఓసారి ఇస్తావా?" అన్నాడు. ఇచ్చాను. (ఇవ్వనని చెప్పడానికి కారణం వెతికాను, దొరకలేదు.) వాడు నాకంటే జానెడు పొడుగు. పాలం విమానాశ్రయంలో వీధి వీధంతా వాడికి దండలు వేస్తుంటే, నేను వాడి ముంజేతుల పైకి ఎగబాకిన నా సూటు చేతుల్ని చూస్తూ నిలబడ్డాను. పక్కింటి ఆంటీ వాడికి గోంగూర పచ్చడి అందించి, నావైపు తిరిగి, "నువ్వెక్కడికీ పోవుగా నాయనా, మాకదే ధైర్యం" అంది. ఆవిడ ప్రేమగానే అంది. రెండు రోజులు నాకు అన్నం సహించలేదు. తర్వాత ఫోటో వచ్చింది: తెల్లటి మంచు, అందులో నా సూటు, సూటులో వాడు. సూటు మీద కూడా ఈర్ష్యపడ్డ మనిషిని నేనొక్కణ్ణేనేమో!

మూడేళ్లకు వాడు తిరిగొచ్చి మొదట మా వీధికే వచ్చాడు. పాల డిపోలో కొత్త మనిషి. కొత్త పిల్లలు నాకు "నమస్తే అంకుల్" అని చెప్పి, వాణ్ణి ఎవరన్నట్టు చూశారు. వాడి మొహం వాడిపోయింది.

"అక్కడున్నన్నాళ్లూ ఈ వీధి మీదే బెంగరా. ఇప్పుడేమో నేనెవరో ఇక్కడెవరికీ తెలీదు. నువ్వు అదృష్టవంతుడివి" అన్నాడు.

ఓదార్చాల్సిన సమయమే. కానీ నాకు మళ్లీ కుళ్లు పుట్టింది. దేశాలు చూశాడు, సరే. బెంగపెట్టుకోవడానికి ఓ ఊరిని కూడా సంపాదించుకున్నాడు! అన్నేళ్లుగా అదే వీధిలో ఉంటూ నేను దానివైపు సరిగ్గా చూసిందే లేదు. ఆ సాయంత్రం వాణ్ణి బస్సెక్కించి, మొదటిసారిగా తీరిగ్గా నడుచుకుంటూ గదికి వచ్చాను. ఆ ఏడే ఆంటీ తెచ్చిన సంబంధం చేసుకున్నాను.

ఈ మధ్య బంధువుల పెళ్లికని వారం రోజులు విజయవాడ వెళ్లాం. రెండు రోజులు గడిచాయో లేదో, నాకేమీ తోచకుండా పోయింది. నిద్ర పట్టదు, ఆకలి లేదు, మాటిమాటికీ మా జనక్‌పురి వీధి కళ్లముందుకొస్తోంది.

"ఏంటండీ, ఒంట్లో బాలేదా?" అని మా ఆవిడ కంగారుగా నుదురు పట్టుకుని చూసింది.

"బెంగ" అన్నాను, కాస్త గర్వంగానే.