మాస్టారి రేడియో పిలిచిన పేర్లు

టెలిఫోన్ ఎక్స్చేంజిలో ముప్పై రెండేళ్ళు మెకానిక్‌గా పని చేశాను. ఫోనులో ఎవరో ఏడుస్తున్నారని, పోయిన మావగారి గొంతు వినబడుతోందని వచ్చిన ఫిర్యాదులు కూడా చూశాను. వెళ్ళి చూస్తే ఒకచోట కేబులులోకి నీళ్ళు దిగి ఉండేవి, ఇంకోచోట రెండు లైన్లు కలిసిపోయి ఉండేవి. దెయ్యం మాత్రం ఎక్కడా దొరకలేదు. కాబట్టి అలాంటివి నమ్మే మనిషిని కాను. ఇప్పుడు చెప్పబోయేది కూడా నమ్మమని అడగడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

రిటైరయ్యాక పాత వాల్వు రేడియోలు బాగుచేయడం మొదలుపెట్టాను. తెనాలిలో మా ఇంటి మేడమీద గదిలో పద్నాలుగు ఉన్నాయి. తొమ్మిది పలుకుతాయి. ఎవరింట్లోనైనా అటకమీద పాత రేడియో ఉంటే, ఆ నోటా ఈ నోటా విని నాకు కబురు చేస్తుంటారు.

నిరుడు శివరాత్రికి మూడు రోజుల ముందు, ఆదివారం నాడు, బాపట్ల నుంచి రూతమ్మగారు అనే ఆవిడ ఒక రేడియో తీసుకొచ్చారు. ఆవిడ నర్సుగా చేసి రిటైరయ్యారు. రేడియో వాళ్ళ నాన్నగారు రాజారత్నం మాస్టారిది. ఆయన రేపల్లెలో కాపురం ఉంటూ, సముద్రం వైపున్న ఒక చిన్న పల్లె బడికి సైకిలు మీద వెళ్ళి పాఠాలు చెప్పేవారట. పోయి ఇరవై ఏళ్ళు దాటింది. "పలికితే ఒకసారి వినాలని ఉందండి," అన్నారావిడ. ఆ రోజు అంతకు మించి ఏమీ చెప్పలేదు.

మంచి టేకు పెట్టె, ఆరు వాల్వుల సెట్టు. కరెంటు వైరును ఎలుకలు ఎప్పుడో కొరికేశాయి. పాత సెట్టుకి ఎప్పుడూ వెంటనే కరెంటు ఇవ్వకూడదు, లోపల ఉన్నది కాస్తా కాలిపోతుంది. అందుకని సోమవారం విప్పి, గాజు బల్బుల్లాంటి వాల్వులన్నీ ఊడదీసి, కోడిగుడ్ల అట్టలో వరసగా పెట్టాను. స్పీకరు కాగితం చిరిగిపోయి ఉంది. దాన్నీ విప్పి పక్కన పెట్టాను. లోపల దుమ్ము, చచ్చిన బొద్దింకలు తప్ప ఇంకేమీ లేవు. కాగితం ముక్క గానీ, చేతిరాత గానీ కనిపించలేదు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానో తర్వాత మీకే తెలుస్తుంది.

మంగళవారం పొద్దున నేను కూరగాయలకు వెళ్ళొచ్చేసరికి, మా ఆవిడ సుశీల, "రేడియో అప్పుడే పలికించేశారే," అంది. ఏ రేడియో అన్నాను. మేడమీద గదిలోంచి ఎవరో మగమనిషి పేర్లు చదువుతున్నట్టు వినబడిందట, బళ్ళో హాజరు పిలిచినట్టు. అప్పుడు టైము పావుతక్కువ పది. పక్కింటివాళ్ళ టీవీ అయ్యుంటుందని చెప్పి ఊరుకున్నాను.

మర్నాడు శివరాత్రి. సరిగ్గా అదే వేళకు నేను ఆ గదిలోనే ఉన్నాను.

గొంతు నా వెనక, విప్పిన రేడియో ఉన్న వైపునుంచి వచ్చింది. రేడియోలో వచ్చే గొంతులా లేదు. గరగర లేదు, హోరు లేదు. మనిషి గదిలో నిలబడి మాట్లాడినట్టే ఉంది. పేరు పిలవడం, ఆగడం, మళ్ళీ ఇంకో పేరు. సాంబయ్య. మరియమ్మ. ఏసుదాసు. శివపార్వతి. నాంచారయ్య. ప్రతి పేరు చివర కాస్త సాగదీసి పిలుస్తున్నాడు. నేను పేపరు అంచు మీద రాయడం మొదలుపెట్టాను. అది ఫిర్యాదులు రాసుకున్న చేతి అలవాటు. సుశీల కూడా మెట్లెక్కి వచ్చి గుమ్మంలో నిలబడింది.

పదమూడో పేరు నాగేశ్వరమ్మ. పిలిచి, ఆగాడు. మళ్ళీ పిలిచాడు. మూడోసారి పిలిచాడు. ఆ తర్వాత ఏమీ లేదు.

మంగళవారం కూడా ఆ పేరు దగ్గరే ఆగిందని సుశీల చెప్పింది.

నాకు భయం వేయలేదంటే అబద్ధం. కానీ అంతకంటే ముందు కారణం వెతకాలనిపించింది. దగ్గరలో పెద్ద ట్రాన్స్‌మీటరు ఉంటే తుప్పుపట్టిన ఇనుప ముక్క కూడా మాట్లాడుతుంది, అది నేను చూసిందే. పక్కింటికి వెళ్ళాను, వాళ్ళు ఊళ్ళో లేరు, తాళం వేసి ఉంది. మా ఫోన్లు రెండూ కింద చార్జింగులో ఉన్నాయి. అయినా మనసు ఒప్పుకోక, గురువారం పొద్దున్నే రేడియోలోని ఇనుప భాగమంతా మూటగట్టి కింద వరండాలో పెట్టాను. స్పీకరు బీరువాలో పెట్టి తాళం వేశాను. ఖాళీ చెక్కపెట్టెను, పాలిష్ ఆరడానికని, డాబా మీద నీడన ఉంచాను. లైను పని ఉందని ఆ రోజు మా వీధి మొత్తానికి పొద్దుటినుంచీ కరెంటు లేదు.

పావుతక్కువ పదికి నేను వరండాలో ఆ మూట ముందు కూర్చుని ఉన్నాను. గొంతు పైనుంచి వచ్చింది. పరుగెత్తి ఎక్కేసరికి నాలుగు పేర్లు అయిపోయాయి. డాబా మీద ఎవరూ లేరు. గొంతు ఆ ఖాళీ పెట్టెలోంచే వస్తోంది. చెయ్యి పెట్టి చూశాను, చెక్క అదరడం లేదు.

ఆ రోజు ఒక్కటే తేడా. నాగేశ్వరమ్మ పేరు రెండుసార్లు పిలిచాడు. మూడోసారి పిలవలేదు. కొంచెం ఆగి, తర్వాతి పేరుకు వెళ్ళాడు. చివరిదాకా చదివాడు. మొదటి నాలుగు పేర్లు ముందురోజు రాసుకున్నవే కాబట్టి, రెండు రోజులవీ కలిపితే నా కాగితం మీద ఇరవై ఆరు పేర్లయ్యాయి. ఆ తర్వాత ఇవాళ్టి దాకా ఆ గొంతు మళ్ళీ వినలేదు.

ఇది రూతమ్మగారికి ఎలా చెప్పాలో తెలియక వారం రోజులు తాత్సారం చేశాను. చివరికి సుశీలే పట్టుబట్టింది. "ఆవిడకి చెప్పండి. ఏమనుకున్నా సరే. ఇది మన దగ్గర దాచుకునేది కాదు," అంది. ఇద్దరం పాసింజరు రైలెక్కి బాపట్ల వెళ్ళాం.

రూతమ్మగారు చివరిదాకా విన్నారు. లేచి లోపలికి వెళ్ళి, ట్రంకు పెట్టెలోంచి ఒక హాజరుపట్టీ తెచ్చారు. అట్ట ఊడిపోయి దారంతో కట్టి ఉంది. చదవండన్నారు. నేను నా కాగితం చూసి ఒక్కో పేరూ చదువుతుంటే, ఆవిడ పట్టీ మీద వేలు జరుపుతూ వచ్చారు. ఇరవై ఆరూ ఉన్నాయి. అదే వరస.

అప్పుడు చెప్పారు. డెబ్బై ఏడులో దివిసీమను ముంచిన ఉప్పెన రోజున, పొద్దున్నే రేడియోలో తుఫాను హెచ్చరిక విని మాస్టారు బడికి వెళ్ళారట. గాలి పెరుగుతోందని హాజరు వేసి, వెంటనే పిల్లల్ని ఇళ్ళకు పంపేశారట. సాయంత్రానికి సముద్రం మీదికొచ్చింది. బడి రాతి కట్టడం, చెక్కుచెదరలేదు. ఇళ్ళన్నీ పూరిళ్ళు.

"బళ్ళోనే ఉంచేసి ఉంటే అందరూ బతికేవాళ్ళని నాన్నగారి బాధండి," అన్నారు రూతమ్మగారు. "ఇద్దరు పిల్లలు పోయారు. వాళ్ళు దొరికారు. నాగేశ్వరమ్మ అనే పిల్ల మాత్రం దొరకలేదు. ఈ పట్టీ చంకలో పెట్టుకుని, ఉప్పెనకి మిగిలిన జనాన్ని ఉంచిన ప్రతి చోటికీ వెళ్ళి ఆ పేరు పిలిచేవారు. మూడేసి సార్లు. ఆ పిల్లని నేనే పంపానమ్మా అని పోయేముందు కూడా అన్నారు."

రేడియో చెడిపోలేదట. ఆ రోజు తర్వాత ఆయన దాన్ని ముట్టుకోలేదు, అంతే.

పోయిన ఇద్దరి పేర్లూ ఆవిడ పట్టీలో చూపించారు. ఎర్ర సిరాతో గీత గీసి ఉన్నాయి. అవి రెండూ నా కాగితంలోనూ ఉన్నాయి. ఆ రెండూ ఒక్కోసారే పిలిచి గొంతు ముందుకు వెళ్ళింది. సుశీల నావైపు చూసి తల దించుకుంది.

ఆ తర్వాత అన్నది ఎందుకన్నానో నాకే తెలియదు. పోయిన ఇద్దరి దగ్గర ఆగకుండా ఆ ఒక్క పేరు దగ్గరే ఆగిందంటే, ఆ పిల్ల సంగతి వేరేమో, ఒకసారి ఆ ఊరు వెళ్ళి అడిగితే ఏం పోతుంది అన్నాను. రూతమ్మగారు పట్టీకి దారం మళ్ళీ కట్టి, సరే వెళ్దామండి అన్నారు.

తర్వాతి మంగళవారం రూతమ్మగారు తెనాలి వచ్చారు. ముగ్గురం రేపల్లె రైలెక్కి, అక్కణ్ణుంచి ఆటోలో ఆ పల్లెకు వెళ్ళాం. ఇప్పుడన్నీ డాబాలు. తుఫాను షెల్టరు నీడన వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయనను నాగేశ్వరమ్మ సంగతి అడిగాం. ఆ ఇంట్లో ఎవరూ మిగల్లేదు అన్నాడు. ఆ పిల్ల తల్లికి ఒక చెల్లెలుండేదని, కర్లపాలెం ఇచ్చారని, ఉప్పెన తర్వాత ఆవిడ మళ్ళీ ఇటు రాలేదని చెప్పాడు. ఎవరి కోసం వస్తుంది అని కూడా అన్నాడు.

ఇన్నేళ్ళలో ఆ చెల్లెలి సంగతి మాస్టారికి ఎవరూ ఎందుకు చెప్పలేదని రూతమ్మగారు అడిగారు. "ఆ రోజుల్లో ఎవరింట్లో వాళ్ళనే వెతుక్కున్నామమ్మా," అన్నాడాయన.

రెండు రోజుల తర్వాత కర్లపాలెం వెళ్ళాం. పెద్దగా వెతకనక్కర్లేకపోయింది. ఊరి చివర ఇసక నేలలో ఆకుకూర మడులు. వాటిలో గోంగూర కోస్తున్న ఒకావిడ లేచి, నడుం మీద చెయ్యి పెట్టుకుని ఎవరండీ అంది. యాభై అయిదు దాటి ఉంటాయి. నాగేశ్వరమ్మ అంటే నేనేనండి అంది.

రూతమ్మగారు ఆవిడ దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. ఈవిడ ఫలానా రాజారత్నం మాస్టారి కూతురని నేనే చెప్పాను. రేడియో సంగతి గానీ, గొంతు సంగతి గానీ ఎత్తలేదు. ఎత్తకూడదని ముందే అనుకుని వెళ్ళాం. మా మాట విని ఆవిడ చెప్పకూడదు, తనంతట తను ఏం చెబుతుందో వినాలి.

నాగేశ్వరమ్మ మమ్మల్ని వేపచెట్టు కింద మంచం మీద కూర్చోబెట్టింది. ఆ రోజు బడి వదిలేశాక ఇంటికి వెళ్తుంటే, పుట్టింటికి వచ్చి తిరిగి వెళ్తున్న పిన్ని వాళ్ళ ఎడ్లబండి ఎదురైందట. సరదాపడి ఎక్కేసిందట. రాత్రికి దారిలో చుట్టాలింట్లో ఆగారు. తెల్లారి చూస్తే వెనక్కి వెళ్ళడానికి దారే లేదు.

"అమ్మకి చెప్పకుండా బండెక్కానని, ఇంటికెళ్తే తంతారని భయపడ్డానండి," అంది. "తన్నడానికి ఎవరూ మిగల్లేదు."

మళ్ళీ తనే అంది. "మాస్టారు పెందలాడే వదలబట్టి ఆ బండి దొరికింది. సాయంత్రం దాకా ఉంచి, అప్పుడు ఇంటికి పంపుంటే నేనూ మా వాళ్ళతో పాటే. మాస్టారు బాగున్నారాండి?"

రూతమ్మగారు ఆవిడ చెయ్యి పట్టుకుని, పోయి చాలా ఏళ్ళయిందని చెప్పారు.

నాగేశ్వరమ్మ ముఖంలో అయోమయం కనిపించింది. రూతమ్మగారిని చూసి, నన్ను చూసి, మళ్ళీ మడుల వైపు చూసింది. "అయితే మొన్న నన్ను పిలిచిందెవరు?" అంది.

ఎప్పుడని అడిగాను. శివరాత్రి వెళ్ళిన మర్నాడట, గురువారం. బాపట్ల మార్కెట్టుకు గోంగూర పంపే రోజు. పొద్దున పదింటి లోపు మడిలో వంగి కోస్తుంటే, వెనకనుంచి మాస్టారు పేరు పెట్టి పిలిచారట. అచ్చం హాజరు వేసినట్టే. మొదటిసారి ఉలిక్కిపడి నిలబడిపోయిందట. రెండోసారి పిలిచేసరికి తనకు తెలియకుండానే, ఉన్నానండి అని గట్టిగా పలికిందట. గట్టు మీద కట్టలు కడుతున్న కోడలు ఎవరితో అత్తా మాట్లాడుతున్నావని అడిగిందట. కోడల్ని పిలిచి అడిగాను. ఆ అమ్మాయికి గొంతేమీ వినబడలేదు. అత్త పలకడం మాత్రం విన్నది.

రూతమ్మగారు అప్పుడు ఏడ్చారు. నాగేశ్వరమ్మే ఆవిణ్ణి ఓదార్చింది. వాళ్ళ నాన్నగారు ఆ రోజు చేసింది తప్పు కాదని, తన ప్రాణం అందుకే దక్కిందని మళ్ళీ మళ్ళీ చెప్పింది. బతికుండగా ఆయన వినవలసిన మాట అది.

నేను చేయగలిగిన విచారణ నేను చేసుకున్నాను. ముందురోజు శివరాత్రికి నాగేశ్వరమ్మ ఉపవాసం ఉండి జాగారం చేసింది, నిద్రలేదు. నిద్ర చాలని మనిషికి ఏవేవో వినబడతాయి. మరి నాకూ సుశీలకూ? పేర్లు ఎక్కడైనా చదివి మరిచిపోయానా? ఆ పట్టీ నేను బాపట్లలో తప్ప ఎక్కడా చూడలేదు. గురువారం మూడోసారి పిలవలేదని రూతమ్మగారికి ముందే చెప్పాను. నాగేశ్వరమ్మను ఆ తర్వాతే కలిశాం. ఏ ఒక్క దానికి కారణం చెప్పినా, రెండోదాని దగ్గర అది చెల్లడం లేదు.

రేడియో పూర్తి చేయడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. కొత్త కండెన్సర్లు వేశాను, స్పీకరుకు కొత్త కాగితం వేయించాను, వాల్వుల్లో రెండు మార్చాను. ఇప్పుడు శుభ్రంగా పలుకుతుంది. పొద్దుటి పాటలు, వార్తలు, పొలం కబుర్లు, మామూలు రేడియోలో వచ్చేవన్నీ వస్తాయి. రూతమ్మగారు దాన్ని ఒక వారం తన దగ్గర ఉంచుకుని విన్నారు. తర్వాత కర్లపాలెంలో పెట్టించమన్నారు. నేనే వెళ్ళి ఏరియల్ తీగ కట్టి వచ్చాను.

తిరిగి వచ్చేటప్పుడు నాగేశ్వరమ్మ రోడ్డు దాకా వచ్చింది. బస్సు కోసం నిలబడి ఉండగా, నెమ్మదిగా అడిగింది.

"అది మాస్టారేనంటారా బాబుగారూ?"

ఉద్యోగంలో ఉండగా ఎవరేం అడిగినా ఏదో ఒక కారణం చెప్పి పంపినవాణ్ణి. ఆవిడకు ఏమీ చెప్పలేకపోయాను. నాకు తెలియదమ్మా అన్నాను.

"నాకూ తెలీదండి," అంది. "పిలిచారు, పలికాను."

బస్సు వచ్చింది, ఎక్కాను. ఇది జరిగి ఏడాది దాటింది. ఆవిడకు చెప్పిన దానికంటే ఒక్క మాట కూడా ఎక్కువ తెలియదు నాకు.